శబ్దం వినిపిస్తుంది, మాట తెలియదు: ఉక్కు నగరం చెప్పే సంవేదన, ప్రత్యక్షాల పాఠం

జంషెడ్‌పూర్ వంటి ఉక్కు నగరాల్లో, పెద్ద యంత్రాల నడుమ దశాబ్దాలు పనిచేసి పదవీ విరమణ పొందినవారి ఇళ్ళలో తరచుగా వినపడే మాట ఒకటుంది: “వినిపిస్తోంది గానీ, ఏమన్నావో తెలియడం లేదు.” ఇంట్లోవారికి ఇది వింతగా తోస్తుంది. వీధిలో కుక్క మొరిగితే వినపడుతుంది, వంటింట్లో పళ్ళెం జారిపడితే వినపడుతుంది, మనవరాలు అడిగిన మాట మాత్రం ఎందుకు వినపడదు? పెద్దాయనకు ధ్యాస లేదనో, కావాలనే విననట్టు ఉంటున్నారనో అనుకుంటారు. నిజానికి ఆయన చెప్పింది అక్షరాలా సరైన మాట. మనస్తత్వ శాస్త్రం మొదటి పాఠాల్లోనే నేర్పే ఒక భేదం ఆ చిన్న వాక్యంలో ఉంది. ఒకటి సంవేదన, రెండోది ప్రత్యక్షం.

ఉపాధ్యాయ అర్హత పరీక్షలకు చదివే అభ్యర్థులకు ఈ రెండు పదాలూ కంఠస్థమే. సంవేదనకు అర్థం తోడైతే ప్రత్యక్షం అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆ ఒక్క ముక్క వెనుక ఉన్న విషయం మాత్రం కార్మికుల ఆరోగ్యానికి, భద్రతకు, ఇంట్లో పెద్దల గౌరవానికి సంబంధించినది.

రెండు పదాలు, రెండు పనులు

వెలుగు, ధ్వని, వేడి, ఒత్తిడి, వాసన కలిగించే అణువులు మన జ్ఞానేంద్రియాలను తాకుతాయి. ఇంద్రియాల్లోని గ్రాహక కణాలు వాటిని నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపుతాయి. ఈ నమోదు పనే సంవేదన. ఆ సంకేతాలను మెదడు ఏర్చి, కూర్చి, పాత అనుభవంతో పోల్చి, ఇది ఫలానా వస్తువు, ఇది ఫలానా మాట అని గుర్తించడం ప్రత్యక్షం.

ఈ విభజన పాశ్చాత్య ప్రయోగశాలల్లోనే పుట్టిందనుకుంటే పొరపాటు. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం శతాబ్దాలుగా న్యాయశాస్త్ర విద్యార్థులకు తొలి వాచకంగా ఉంది. ఇంద్రియానికీ వస్తువుకూ కలిగే సంబంధం వల్ల పుట్టే జ్ఞానమే ప్రత్యక్షమని ఆ గ్రంథం నిర్వచిస్తుంది. దాన్ని నిర్వికల్పకం, సవికల్పకం అని రెండుగా విభజిస్తుంది. ఏదో ఉన్నదన్న విశేషరహితమైన ఎరుక మొదటిది. ఇది ఫలానా అని పేరుతో, జాతితో, గుణంతో తెలియడం రెండోది. నేటి సంవేదన, ప్రత్యక్షాలతో ఈ రెండూ పూర్తిగా ఏకీభవించకపోయినా, మెట్లు రెండున్నాయన్న గుర్తింపు మాత్రం స్పష్టం.

ఆధునిక కాలంలో ఈ విషయాన్ని కొలతల్లోకి తెచ్చినవారు జర్మన్ పండితులు. లైప్జిగ్‌లో ఎర్నస్ట్ వెబర్ బరువుల మీద ప్రయోగాలు చేశారు. గుస్తావ్ ఫెక్నర్ 1860లో ఉద్దీపనకూ అనుభవానికీ మధ్య గణిత సంబంధాన్ని ప్రతిపాదించారు. 1879లో అదే నగరంలో విల్‌హెల్మ్ వుంట్ మనస్తత్వ శాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పారు. మన దేశంలో తొలి మనస్తత్వ శాస్త్ర విభాగం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో, నరేంద్రనాథ్ సేన్‌గుప్తా నాయకత్వంలో మొదలైంది.

ఇంద్రియం చేసే అనువాదం

మెదడుకు బయటి ప్రపంచంతో నేరుగా పరిచయం లేదు. దానికి అందేవన్నీ విద్యుత్ సంకేతాలే. చెవిలో ఆ అనువాదం చేసేవి కర్ణావర్తంలోని రోమకణాలు. గాలిలో కంపనం కర్ణభేరిని కదిలిస్తే, మూడు చిన్న ఎముకల ద్వారా అది లోపలి ద్రవానికి చేరుతుంది. ఆ ద్రవం అలల్లో రోమకణాల కొసలు వంగి, సంకేతం పుట్టి, శ్రవణనాడి గుండా మెదడుకు వెళుతుంది. ఒక్కో చెవిలో ఇటువంటి కణాలు సుమారు 15 వేలు మాత్రమే. మనుషుల్లో అవి నశిస్తే మళ్ళీ మొలకెత్తవు.

ఈ అనువాదం ఎంత విచిత్రమైనదో తెలుగువారికి మిరపకాయే చెబుతుంది. నిప్పు సోకినా, కారం తగిలినా మనం ‘మంట’ అనే అంటాం. ఆ పదం శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే గ్రాహకమే మిరపలోని క్యాప్సేసిన్‌కూ స్పందిస్తుంది. నాలుక ఏమీ కాలకపోయినా మెదడుకు చేరే వార్త మాత్రం కాలిందనే. ఈ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్, స్పర్శ గ్రాహకాలను గుర్తించిన ఆర్డెమ్ పటపూటియన్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

ఇంద్రియాలకు అందని ప్రమాదం

ప్రతి ఇంద్రియానికీ ఒక కనీస అవధి ఉంటుంది. అంతకన్నా బలహీనమైన ఉద్దీపన నమోదు కాదు. పరిధి కూడా ఉంటుంది. ఆరోగ్యవంతుడైన యువకుడి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ వరకే ధ్వని. ఆపైన గబ్బిలాలకు వినపడుతుంది గానీ మనకు లేదు.

కొన్నింటికి మన శరీరంలో గ్రాహకమే లేదు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వెలువడే వాయువులో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు వరకు కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటిని గానీ గొంతును గానీ మండించదు. అనుభవజ్ఞుడైన కార్మికుడికీ, ఆనాడే చేరిన శిక్షణార్థికీ అది సమానంగా అదృశ్యం. అందువల్లనే అటువంటి చోట్ల వాయు సూచిక పరికరాన్ని వెంట ఉంచుకోవడం తప్పనిసరి. వంటగ్యాసుకు కూడా స్వతహాగా చెప్పుకోదగిన వాసన లేదు. లీకైతే తెలియడానికి ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. ఇంద్రియానికి అందని ప్రమాదాన్ని ఇంద్రియానికి అందేలా మార్చడమే ఇక్కడి భద్రతా సూత్రం.

రెండు ఉద్దీపనల మధ్య తేడా తెలియడానికీ ఒక అవధి ఉంది. వెబర్ తేల్చింది అదే. చేతిలోని బరువు పెరిగిందని తెలియాలంటే, పెరుగుదల ఇన్ని గ్రాములని కాక, మొదటి బరువులో ఇన్నో వంతు ఉండాలి. బరువుల విషయంలో అది సుమారు రెండు, మూడు శాతం. కిలో సంచిలో 30 గ్రాములు కలిపితే చేతికి తెలియవచ్చు. పది కిలోల మూటలో అవే 30 గ్రాములు తెలియవు.

కర్మాగారంలో ఈ సూత్రానికి ప్రాణాల విలువ ఉంది. నిశ్శబ్దమైన గదిలో చక్కగా వినిపించే హెచ్చరిక గంట, రోలింగ్ మిల్లు హోరులో మునిగిపోతుంది. చుట్టూ ఉన్న శబ్దం కన్నా హెచ్చరిక ధ్వని కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువగా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7731 చెబుతుంది. వెలిగి ఆరే దీపాలను కూడా గంటకు తోడుగా అమర్చడానికి కారణం ఇదే.

అలవాటు పడ్డామన్న భ్రమ

మారకుండా కొనసాగే ఉద్దీపనకు ఇంద్రియాలు క్రమంగా స్పందన తగ్గిస్తాయి. ఉదయం కట్టుకున్న గడియారం స్పర్శ కాసేపటికి తెలియదు. అగరువత్తి వాసన గదిలో ఉన్నవారికన్నా అప్పుడే వచ్చినవారికి బాగా తెలుస్తుంది. కొత్తగా వచ్చే మార్పు మీద దృష్టి నిలపడానికి ఈ ఏర్పాటు ఉపయోగపడుతుంది.

కంటిదీ ఇదే తీరు, కాకపోతే సమయం తీసుకుంటుంది. ప్రకాశవంతమైన చోటు నుంచి చీకటిలోకి వస్తే, నేత్రపటలంలోని శంకు కణాలు సుమారు పది నిమిషాల్లో సర్దుకుంటాయి. మసక వెలుగులో చూపునిచ్చే దండ కణాలకు అరగంట వరకు పడుతుంది. కొలిమి వెలుగు నుంచి చీకటి యార్డులోకి నడిచే కార్మికుడికీ, రాత్రి షిఫ్టు ముగించి వెంటనే బండి తీసే ఉద్యోగికీ ఆ కొద్ది నిమిషాలు కీలకం.

వాసన విషయంలో ఇది మరింత ప్రమాదకరం. శుద్ధి చేయని కోక్ ఓవెన్ వాయువులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ఘ్రాణశక్తినే స్తంభింపజేస్తుంది. వాసన పోయింది కాబట్టి వాయువు పోయిందనుకోవడం అక్కడ ప్రాణాంతకమైన పొరపాటు.

శబ్దం దగ్గర మరొక భ్రమ ఉంది. “మొదట్లో భరించలేకపోయేవాణ్ణి, ఇప్పుడు అలవాటైపోయింది” అని చాలామంది అంటారు. మనసు ఆ హోరును పట్టించుకోవడం మానేసిన మాట నిజం. కానీ పట్టించుకోకపోవడం వేరు, దెబ్బ తగలకపోవడం వేరు. మనసు వినడం మానేసినా, రోమకణాలకు తగిలే తాకిడి రవ్వంతైనా తగ్గదు. కొందరి విషయంలో ‘అలవాటు’ అనిపించేది వినికిడి తగ్గడం మొదలైందనడానికి తొలి గుర్తు కూడా కావచ్చు.

ఖాళీలను పూరించే మనసు

1912 ఫిబ్రవరిలో సాక్చీలోని టాటా కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. ఆ ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు 1919లో వచ్చింది. అదే 1912లో జర్మనీలో మాక్స్ వెర్థ్‌హైమర్ ఒక చిన్న ప్రయోగాన్ని ప్రచురించారు. రెండు చోట్ల రెండు గీతలను తగిన వేగంతో ఒకదాని తరువాత ఒకటిగా చూపిస్తే, ఒకే గీత అటు నుంచి ఇటు కదిలినట్టు కనిపిస్తుంది. కదలిక గీతల్లో లేదు, చూసేవారి ప్రత్యక్షంలో ఉంది. విడి ముక్కలను మొత్తంగా కూర్చుకునే ఈ గుణం మీదనే గెస్టాల్ట్ మనస్తత్వ శాస్త్రం నిలబడింది. సినిమా తెర మీద, ఎల్ఈడీ బోర్డుల మీద పరుగెత్తే అక్షరాల్లో మనం రోజూ చూసేది ఇటువంటి కదలికనే.

చెవిది కూడా ఇదే కథ. 1970లో రిచర్డ్ వారెన్ రికార్డు చేసిన ఒక వాక్యంలో, ఒక పదంలోని ధ్వనిని తొలగించి ఆ చోట దగ్గు శబ్దాన్ని ఉంచారు. విన్న 20 మందిలో 19 మంది ధ్వనులన్నీ ఉన్నాయనే చెప్పారు. లేని అక్షరాన్ని సందర్భం ఆధారంగా మెదడే వినిపించింది. గరగరల మధ్య రేడియో వార్తలు విన్న తరానికి ఇది స్వానుభవమే. సగం మాట గాలిలో పోయినా వార్త అర్థమయ్యేది. మైసూరు విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించిన ఆచార్య ఎం.వి. గోపాలస్వామి 1935లో చిన్న రేడియో కేంద్రం నడిపారనీ, ఆ కేంద్రం పేరు ‘ఆకాశవాణి’ అనీ ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు.

ఈ పూరణ ఎప్పుడూ సరిగ్గా ఉండాలని లేదు. మసక వెలుగులో తాడు పామై కనిపించడం వేదాంతులు చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ. కంటికి చేరినది వంకరగా పడివున్న ఒక ఆకారం. దానికి పామన్న అర్థమిచ్చింది భయం, పూర్వానుభవం. ఇంద్రియం తన పని సరిగానే చేసినా, ప్రత్యక్షం తప్పవచ్చు.

ఎన్నో భాషల నగరంలో ఒక చెవి

సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే ఈ నగరానికి ఉపాధి కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. బిష్టుపూర్‌లోని రామమందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ వారి ఉనికికి గుర్తులు. హిందీ, బంగ్లా, ఒడియా, సంతాలీ, హో భాషల నడుమ పెరిగే తెలుగు పిల్లల చెవి ప్రత్యక్షాన్ని అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ.

కల, కళ అన్న రెండు మాటలు తెలుగువారికి పూర్తిగా వేరు. ప్రామాణిక హిందీలో ‘ళ’ లేదు కాబట్టి, హిందీ మాత్రమే తెలిసిన పొరుగువారికి రెండూ ఒకలాగే తోచవచ్చు. ఒడియాలో ‘ళ’ ఉంది కాబట్టి ఆ పొరుగువారికి తేడా తెలుస్తుంది. అటు హిందీలో ‘ఖానా’ అంటే తిండి, ‘కానా’ అంటే ఒంటికన్నువాడు. వాడుక తెలుగులో ఒత్తు పలకడం అంతగా లేనందున, ఊరి నుంచి కొత్తగా వచ్చినవారు ఇక్కడ తడబడతారు. సంతాలీ, హో భాషల్లో కొన్ని పదాల చివర హల్లు గొంతులోనే బిగిసి ఆగిపోతుంది. తెలుగు చెవికి ఆ హల్లు ఉన్నట్టే తెలియకపోవచ్చు. అందరి చెవులకూ చేరిన కంపనం ఒకటే. దాన్ని ఏ అరల్లో సర్దాలన్నది మాత్రం పెరిగిన భాష నేర్పింది.

ఈ అరలు ఎంత తొందరగా ఏర్పడతాయో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఇంగ్లీషు ఇళ్ళలోని శిశువులు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని ‘త’, ‘ట’ ధ్వనుల భేదాన్ని గుర్తించారు. పది, పన్నెండు నెలల వయసు పిల్లల్లో ఆ సామర్థ్యం చాలావరకు తగ్గిపోయింది. తెలుగు నిలవాలని కోరుకునే ప్రవాస కుటుంబాలకు ఇందులో ఒక సూచన ఉంది. బడి వయసు దాకా ఆగనక్కరలేదు. ఉయ్యాలలోని బిడ్డతోనే తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టవచ్చు.

పెద్దవారిలోనూ సాధన వల్ల ప్రత్యక్షం పదునెక్కుతుంది. పరికరాలు విరివిగా లేని రోజుల్లో కొలిమి పనివారు నీలిరంగు అద్దం గుండా చూసి కరిగిన లోహం వేడిని అంచనా వేసేవారు. మామూలు కంటికి అంతా ఒకే వెలుగుగా కనిపించే చోట, వారికి అనేక ఛాయలు కనిపించేవి.

శబ్దం ఎక్కడ దెబ్బతీస్తుంది?

మొదటి ప్రశ్నకు ఇప్పుడు తిరిగి రావచ్చు. తీవ్ర శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం అన్ని ధ్వనుల మీదా ఒకేసారి పడదు. సాధారణంగా 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య, ముఖ్యంగా 4,000 హెర్ట్జ్ దగ్గర ముందు మొదలవుతుంది. మాటలో అచ్చుల బలం అంతకన్నా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, శ, త, క, చ వంటి హల్లులను వేరుచేసే ఆనవాళ్ళలో చాలా భాగం పై పౌనఃపున్యాల్లో ఉంటాయి. అందువల్ల గొంతు వినపడుతుంది, ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది, కానీ పాలు, కాలు, చాలు అన్న మూడు మాటలూ ఒకేలా తోస్తాయి. సంవేదనలో పడిన చిన్న చిల్లు ప్రత్యక్షంలో పెద్ద లోటుగా మారుతుంది.

మనసు ఆ ఖాళీని సందర్భంతో పూరించడానికి ప్రయత్నిస్తుంది. నిశ్శబ్దమైన గదిలో ఒక్కరితో, అదీ మాతృభాషలో మాట్లాడుతున్నప్పుడు చాలావరకు నెగ్గుకొస్తుంది. పదిమంది కలిసిన పెళ్ళిపందిరిలోనో, టీవీ మోగుతున్న గదిలోనో, తరువాత నేర్చుకున్న భాషలోనో ఆ పూరణ విఫలమవుతుంది. ఒక చోట బాగా విన్న మనిషే మరో చోట విననట్టు కనిపించడానికి కారణం ఇదే. అందులో నటన లేదు.

డెసిబెల్ లెక్క కూడా తెలుసుకోవాలి. పది డెసిబెల్స్ పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లవుతుంది, చెవికి మాత్రం సుమారు రెండింతలైనట్టే అనిపిస్తుంది. అంటే ప్రమాదం ఎంత పెరిగిందో మన అనుభవం తక్కువగా అంచనా వేస్తుంది. మన దేశంలో కర్మాగారాల నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు, 100 డెసిబెల్స్ శబ్దంలో 2 గంటలు మించి ఉండరాదు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు సురక్షితంగా వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ, 2020 వృత్తి భద్రత స్మృతిలోనూ ప్రభుత్వానికి విధిగా తెలపవలసిన వ్యాధుల జాబితాలో ఉంది. వృత్తి వ్యాధిగా దీనికి నష్టపరిహారం కోరే హక్కు కూడా కార్మికులకు ఉంది.

ఇంట్లో, పనిచోట ఏం చేయవచ్చు?

చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే, అక్కడ శబ్దం హానికరమైన స్థాయిలో ఉండే అవకాశం ఎక్కువ. షిఫ్టు తరువాత చెవిలో రొద, కొన్ని గంటల పాటు వినికిడి మందగించడం హెచ్చరికలు. మర్నాటికి తగ్గిపోయింది కదా అని వాటిని తీసిపారేయకూడదు. చెవి రక్షణ సాధనాలను మొత్తం సమయం ధరించాలి. కాసేపు తీసినా రక్షణ గణనీయంగా తగ్గిపోతుంది. ఆడియోమెట్రీ పరీక్షలో 4,000 హెర్ట్జ్ దగ్గరి లోపం, మాటలు తడబడటానికి చాలా ముందే బయటపడుతుంది.

నశించిన రోమకణాలను తిరిగి తెచ్చే చికిత్స నేటికీ లేదు. వినికిడి యంత్రం మేలు చేస్తుంది గానీ అది ధ్వనిని పెంచినంతగా స్పష్టతను పెంచలేదు. అందుకే పక్కగది నుంచి కేక వేయడం వల్ల ప్రయోజనం తక్కువ. అరిచినప్పుడు ఎక్కువగా పెరిగేది అచ్చుల బలమే. ఎదురుగా నిలబడి, ముఖం మీద వెలుగు పడేలా చూసుకుని, టీవీ తగ్గించి, నిదానంగా చెప్పాలి. పెదవుల కదలిక కంటి ద్వారా చేరి, చెవికి అందని హల్లును కొంతవరకు పూరిస్తుంది. ఒకసారి అర్థం కాని వాక్యాన్ని అవే మాటల్లో కాకుండా వేరే మాటల్లో చెప్పడం మరింత ఉపయోగకరం.

వినికిడి లోపాన్ని నిర్లక్ష్యం చేస్తే మనిషి క్రమంగా సంభాషణకు, ఆ తరువాత నలుగురికీ దూరమవుతాడు. నివారించదగిన డిమెన్షియా కారణాల్లో వినికిడి లోపాన్ని ఒకటిగా లాన్సెట్ కమిషన్ 2017 నుంచీ పేర్కొంటోంది. “వినిపిస్తోంది గానీ తెలియడం లేదు” అని ఇంట్లో ఎవరైనా అంటే, ఆ మాటను ఉన్నదున్నట్టుగా నమ్మి వారిని చెవి పరీక్షకు తీసుకెళ్ళాలి.